కాళ్ళు చాపుకుని చూసిన బొమ్మ



"మనం చూసిన చరిత్ర" వరుసలో ఇది ఆరో భాగం. పోయిన భాగంలో టూరింగ్ టాకీసులు, నేల టికెట్టు గురించి రాశాను. ఈసారి బొమ్మ ఇంట్లోకి వచ్చిన కథ. కొంచెం పెద్దది. ఓపికగా చదవండి. చివర్లో మీకొక పని కూడా ఉంది.

పోయిన వారం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఫెలోషిప్ డబ్బులొచ్చాయట. "మామా, ఇంటికి కొత్త టీవీ తీసుకుందాం. హెచ్‌డీ సరిపోతుందా, ఫోర్‌కే తీసుకోవాలా?" అన్నాడు. మన ముందుగదికి ముప్పై రెండంగుళాల హెచ్‌డీ చాలు, అంత చిన్న తెరని పది అడుగుల దూరం నుంచి చూస్తే ఫోర్‌కేకీ దానికీ తేడా కంటికి తెలియదు అని చెప్పాను. "అయినా రోజంతా చూసేది అమ్మమ్మ. ఆమెనడుగు" అని ఫోన్ మా అమ్మకిచ్చాను. ఆమె ఒకటే మాటంది. "ఏదో ఒకటి తేరా నాయనా. కాళ్ళు చాపుకుని చూసేటట్టు పెట్టు."

మోకాళ్ళ నొప్పులు కదా అని వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట వెనకున్న సంగతి వాడికి తెలియదు. వాడికే కాదు, వాడి వయసు వాళ్ళు చాలామందికి తెలియదు. అందుకే ఈ భాగం.

టీవీ చరిత్రని లోకం ఎలా చెబుతుంది? బ్లాక్ అండ్ వైట్ వచ్చింది, కలర్ వచ్చింది, వీసీఆర్ వచ్చింది, కేబుల్, డిష్, హెచ్‌డీ, ఇప్పుడు ఓటీటీ. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ మనిషికి ఎంచుకునే స్వేచ్ఛ పెరిగిందని చెబుతుంది. ఆ లెక్క తప్పని నేననను. కానీ ఆ లెక్క సొంతిల్లు, ఇంట్లో కరెంటు, గోడకో సాకెట్టు ఉన్నవాళ్ళతో మొదలవుతుంది. మనం అంతకంటే ముందు నుంచి మొదలుపెట్టాలి. పెట్టె ఎక్కడ పెట్టారు? మనల్ని ఎక్కడ కూర్చోబెట్టారు?

1975 ఆగస్టు 1న ఈ దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. దాని పేరు సైట్. నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెటూళ్ళకి ఇస్రో టీవీ చూపించింది. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇనుప వల బిగించిన గొడుగులాంటి యాంటెన్నా, దాని కింద ఒక టీవీ. ఆ సెట్లు తయారుచేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. పొద్దున బడిపిల్లలకి పాఠాలు, సాయంత్రం పెద్దవాళ్ళకి వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. తెలుగులో కూడా కార్యక్రమాలు వచ్చేవి. 1976 జులై 31తో అది ముగిసింది. మరుసటి ఏడాది, 1977 అక్టోబర్ 23న, హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది.

సైట్ టీవీ ఎవరి సొంతమూ కాదు, ఊరందరిదీ. పెట్టింది బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో ఇలాంటి ఉమ్మడి చోట. మంచి ఆలోచనే. కానీ మన ఊళ్ళ పటం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పంచాయతీ ఆఫీసు ఎక్కడుంటుంది? ఊళ్ళో. పల్లె ఎక్కడుంటుంది? ఊరి బయట, ఎక్కువ చోట్ల కాలవ అవతల. అందరిదీ అని కాగితం మీద రాసిన వస్తువు మన దగ్గరికొచ్చేసరికి ఎన్ని గడపలు దాటాలో మనకి తెలుసు. మంచినీళ్ళ చెరువూ అందరిదే. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ గొడవ ఎక్కడ మొదలైంది? మనవాళ్ళు నీళ్ళు పట్టుకునే చెరువు దగ్గర.

మా ఊరిది గుంటూరు జిల్లా. మాకు సైట్ రాలేదు. టీవీ వచ్చింది 1980ల్లో. 1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో దేశానికి కలర్ వచ్చింది. 1984 నుంచి దేశమంతటా చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లు లేచాయి. 1987 జనవరి 25న రామాయణం సీరియల్ మొదలయ్యేనాటికి మా ఊళ్ళో మూడు టీవీలున్నాయి. మూడూ ఊళ్ళోనే. ఆదివారం పొద్దున పల్లె పిల్లలం ఒక పెద్దింటి కిటికీ దగ్గర నిలబడేవాళ్ళం. లోపల హాల్లో వాళ్ళ చుట్టాలు, పక్కింటివాళ్ళు చాపల మీద. వరండాలో వాళ్ళ పాలేళ్ళు, చేతులు కట్టుకుని గొంతుక్కూర్చునేవాళ్ళు. కిటికీ బయట మేము. నాకు పదకొండేళ్ళు. కిటికీ చువ్వలు పట్టుకోకూడదు. అది మాకెవరూ చెప్పలేదు, ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఒకసారి మా అమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి, తనూ కాసేపు చూసి, కాళ్ళు పీకుతుంటే అరుగు అంచుమీద కూర్చోబోయింది. లోపల్నుంచి ఎవరూ ఏమీ అనలేదు. ఒక ముసలాయన దగ్గాడంతే. అమ్మ లేచి నిలబడింది.

ఆ దగ్గు మా అమ్మకి ఇప్పటికీ వినబడుతుంది. కాళ్ళు చాపుకునేటట్టు పెట్టరా అన్నది అందుకే.

అయితే టికెట్ కొనుక్కుని సినిమా హాలుకి పోవచ్చు కదా, అక్కడ డబ్బుకే విలువ కదా అని మీలో కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు చుండూరు.

1991 జులై 4. చుండూరు సినిమా హాలు. పీజీ చదువుతున్న ఒక దళిత యువకుడు సినిమా చూస్తున్నాడు. అతని కాలు ముందు సీట్లో ఉన్న అగ్రకుల కుర్రాడికి తగిలింది. మాటామాటా పెరిగింది. హాలులో మొదలైన గొడవ ఊరికి పాకింది. దళితుల మీద సాంఘిక బహిష్కరణ పెట్టారు. పనులు ఆపేశారు. నెల తిరిగేసరికి, ఆగస్టు 6న, ఎనిమిదిమంది దళితుల్ని వెంటాడి నరికి, కొన్ని శవాల్ని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర కాలవలో పడేశారు. ప్రత్యేక కోర్టుని చుండూరులోనే పెట్టించుకోవడానికి మనవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్ళందరినీ వదిలేసింది.

ఆ ఊళ్ళో అప్పటికే పేరుకుపోయిన కోపాలు చాలా ఉన్నాయి. మనవాళ్ళు చదువుకోవడం, రైల్వేలో ఉద్యోగాలు తెచ్చుకోవడం, కూలికి పోకపోయినా బతకగలగడం వాళ్ళకి కంటగింపుగా ఉంది. కాలు తగలడం ఒక సాకు. కానీ ఆ సాకు ఎక్కడ దొరికిందో గమనించండి. చీకట్లో, టికెట్ కొనుక్కున్న సీట్లో, బొమ్మ చూస్తుంటే.

ఇప్పుడు వీడియో రాత్రి గురించి చెబుతాను. మీరు పుట్టేనాటికి అది అయిపోయింది.

జపాన్లో సోనీ వాళ్ళు 1975లో బీటామాక్స్ తెచ్చారు, జేవీసీ వాళ్ళు 1976లో వీహెచ్ఎస్ తెచ్చారు. మొదట్లో బీటా క్యాసెట్లో గంట పడితే వీహెచ్ఎస్‌లో రెండు గంటలు పట్టేది. సినిమా మొత్తం ఎక్కేది వీహెచ్ఎస్‌లోనే. బొమ్మ నాణ్యతలో బీటా మెరుగని చాలామంది అన్నా, చివరికి గెలిచింది వీహెచ్ఎస్. అమెరికాలో ఇంట్లో టీవీ కార్యక్రమం రికార్డు చేసుకోవడం నేరమా కాదా అని హాలీవుడ్ కంపెనీలు సోనీ మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. 1984 జనవరిలో అయిదుగురు న్యాయమూర్తులు ఒక పక్క, నలుగురు ఇంకో పక్క నిలబడి నేరం కాదని తేల్చారు. అదే ఏడాది మన దేశంలో కాపీరైట్ చట్టం సవరించి వీడియో సినిమాల్ని కూడా అందులోకి తెచ్చి, శిక్షలు పెంచారు. అప్పటికే టౌన్లలో వీధికో వీడియో కొట్టు వెలిసింది.

మా పల్లెలో ఒక్క ఇంటికీ టీవీ లేదు. కానీ టౌనులో వీడియో కొట్టువాడు టీవీ, డెక్కు, క్యాసెట్లు కలిపి రాత్రికి అద్దెకిచ్చేవాడు. ఇంటికింత అని చందా వేసుకునేవాళ్ళం. మా చిన్నాయన, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు సైకిళ్ళమీద పోయి, టీవీని దుప్పట్లో చుట్టి, వెనక క్యారేజీకి కట్టి, గతుకుల్లో దిగి నడిపించుకుంటూ తెచ్చేవాళ్ళు. చర్చి ముందు ఖాళీలో బల్లేసి, దానిమీద పెట్టి, వీధి దీపం స్తంభం నుంచి వైరు లాగేవాళ్ళు. రాత్రికి మూడు సినిమాలు. బొమ్మ మీద గీతలు పడితే చిన్నాయన డెక్కు మూత తీసి స్పిరిటుతో హెడ్డు తుడిచేవాడు. అప్పుడాయన్ని చూస్తే మాకు డాక్టరుని చూసినట్టుండేది.

ఎంచుకోవడం అంటే ఏంటో నాకు మొదటిసారి తెలిసింది ఆ రాత్రుల్లోనే. ఏ మూడు తేవాలన్నది రెండు రోజుల ముందు నుంచీ తగువు. కుర్రాళ్ళకి చిరంజీవి కావాలి. ముసలాళ్ళకి రామారావు పాతది కావాలి. ఆడవాళ్ళు ఏడుపు సినిమా అడిగేవాళ్ళు. క్రిస్‌మస్‌కి మాత్రం తగువు లేదు, 'కరుణామయుడు' పడాల్సిందే. 1978లో వచ్చిన ఆ సినిమాని మన పల్లెల్లో ఎంతమంది ఎన్నిసార్లు చూసుంటారో లెక్కే లేదు. ఏప్రిల్ 14కి అంబేడ్కర్ సినిమా కావాలని మా చిన్నాయన ప్రతి ఏడూ కొట్టువాణ్ణి అడిగేవాడు. కొట్టువాడు ప్రతి ఏడూ "అట్టాంటిది లేదయ్యా" అనేవాడు. నిజంగానే లేదు.

అయినా ఆ రాత్రుల్లో మా అమ్మ చాప పరుచుకుని, కాళ్ళు చాపుకుని, వెల్లకిలా పడుకుని సినిమా చూసింది. ఎవరి కాలు ఎవరికి తగిలినా "జరుగవే" అని నవ్వుకునేవాళ్ళు. ఎవరూ దగ్గేవాళ్ళు లేరు. అది అద్దె బొమ్మ, గీతల బొమ్మ, తెల్లారితే తిరిగిచ్చేసే బొమ్మ. కానీ మా వాకిట్లో బొమ్మ. అద్దె రసీదు మీద రాయని సరుకు ఒకటి దానితోపాటు వచ్చింది. దాన్ని మర్యాద అంటాను నేను.

ఇక్కడ మన గురించి మనం నిజం చెప్పుకోవాలి. చందా అందరిదీ అయినా చివరి మాట మగవాళ్ళదే. ఏడుపు సినిమా ఎప్పుడూ మూడోది. అది పడేసరికి రాత్రి రెండు దాటేది. పగలంతా నాట్లేసి వచ్చిన ఆడవాళ్ళు అప్పటికే నిద్రపోయేవాళ్ళు. మాలపల్లె వీడియోకి మాదిగపల్లె వాళ్ళు, మాదిగపల్లె వీడియోకి మాలపల్లె వాళ్ళు వెళ్ళడం తక్కువ. ఇక బొమ్మలో ఉన్నదెవరు? హీరో పేరు చివర కులం తోక, మీసం తిప్పితే ఈలలు. మన మనిషి కనబడితే కామెడీకో, కన్నీళ్ళకో, దండం పెట్టడానికో. వాకిలి మనదైంది, కథ మనది కాలేదు. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు, 1988లో బి. నర్సింగరావు గడీలో వెట్టి చేసే ఆడమనిషి మీద 'దాసి' తీసి జాతీయ అవార్డులు తెచ్చాడు. ఇవేవీ మా కొట్టువాడి గోడమీద అట్టపెట్టెల్లో లేవు. ఎంపిక మన చేతుల్లో ఉందనుకున్నాం. దేంట్లోంచి ఎంచుకోవాలో ముందే ఎవరో ఎంచిపెట్టారు.

ఇప్పుడు నన్ను ముప్పై ఏళ్ళుగా తింటున్న విషయం.

1990లో బాబాసాహెబ్‌కి భారతరత్న ఇచ్చారు. ఆ మరుసటి ఏడు శతజయంతి. 1991 ఏప్రిల్ 14న మా పల్లెలో పెద్ద మీటింగు పెట్టాం. పెళ్ళిళ్ళకి వీడియో తీసే కుర్రాణ్ణి మాట్లాడుకున్నాం. మీటింగులో మా నాయనమ్మ లేచి మాట్లాడింది. ఆమెకి చదువు లేదు. చిన్నప్పుడు ఊళ్ళోకి వెళ్ళాలంటే చెప్పులు చేత్తో పట్టుకుని ఎలా నడిచిందో, వానాకాలం కాలవ దాటి నీళ్ళెలా తెచ్చిందో, మా తాత కారంచేడు తర్వాత చీరాల శిబిరానికి బియ్యం మోసుకుని ఎలా వెళ్ళాడో, ఇరవై నిమిషాలు చెప్పింది. ఆ క్యాసెట్టు మా ఇంట్లో బీరువా మీద ఉండేది. ఆ ఏడే ఆగస్టులో చుండూరు జరిగింది. ఆ తర్వాత రెండేళ్ళకి నాయనమ్మ చనిపోయింది.

1995లో ఎవరిదో పెళ్ళికి వీడియో రాత్రి పెట్టాం. కొట్టులో సినిమా అద్దెకి తెచ్చినప్పుడు దాన్ని ఇంకో క్యాసెట్లోకి దింపుకోవాలని మావాళ్ళు రెండో డెక్కు కూడా తెచ్చారు. ఖాళీ క్యాసెట్టు కొనడానికి డబ్బుల్లేవు. బీరువా మీదున్నది తీసుకున్నారు. తెల్లారి పెట్టి చూస్తే నాయనమ్మ ఉండాల్సిన చోట ఫైటింగు.

వీహెచ్ఎస్ క్యాసెట్టు వీపున ఎడమ పక్క చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక ఆ క్యాసెట్లో కొత్తగా ఏదీ రికార్డు కాదు. గోరంత ముక్క. మేం విరవలేదు. విరవాలని మాకెవరూ చెప్పలేదు. ఇందులో ఊరివాళ్ళ తప్పేం లేదు. పోగొట్టుకుంది మేమే. అద్దె సినిమాని దాచుకోవాలనుకున్నాం, సొంత మనిషిని చెరిపేసుకున్నాం.

తర్వాతి కథ మీకు కొంత తెలుసు. 1991లో గల్ఫ్ యుద్ధం, దానివెనకే స్టార్ టీవీ. 1992లో జీ. 1995లో ఈటీవీ, జెమిని. పల్లెలోకి కేబుల్ వైరు వచ్చింది, ఒక్కో ఇంట్లోకి టీవీ వచ్చింది. జనాభా లెక్కల ప్రకారం 2001లో దేశంలో 31.6 శాతం ఇళ్ళల్లో టీవీ ఉంటే 2011కి 47.2 శాతానికి చేరింది. అంటే 2011లో కూడా సగానికి పైగా ఇళ్ళల్లో లేదు. 2003లో డిష్ టీవీ మొదలైంది. 2004 డిసెంబర్లో దూరదర్శన్ నెలవారీ బిల్లు లేని ఉచిత డిష్ మొదలుపెట్టింది. మన పల్లెల్లో రేకుల మీద కనిపించే గొడుగుల్లో చాలా వాటి కథ అక్కడ మొదలైంది.

2010 అక్టోబర్లో కామన్వెల్త్ క్రీడలతో దూరదర్శన్ హెచ్‌డీ ప్రసారం చేసింది. మామూలు టీవీ బొమ్మలో 576 గీతలుంటే హెచ్‌డీలో 1,080 ఉంటాయి. బొమ్మ తేటపడింది, నిజమే. దాంతోపాటు బిల్లు కూడా తేటపడింది. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త పద్ధతి పెట్టింది. మీకు కావాల్సిన ఛానెల్ మీరే ఎంచుకోండి, దానికే డబ్బు కట్టండి అంది. వంద ఛానెళ్ళకి 130 రూపాయలు, పన్ను అదనం, పే ఛానెళ్ళ రేటు వేరే. ఆ వంద లెక్కలో ఒక హెచ్‌డీ ఛానెల్ రెండు మామూలు ఛానెళ్ళతో సమానం. ఆ నెల మా అమ్మ రిమోటు పట్టుకుని, "ఎంచుకోవడానికి కూడా డబ్బులేనా" అంది.

ఈ మధ్యలో ఒక చిన్న కాలం వచ్చింది, దాన్ని ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. అదే సీడీల కాలం. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకి, డీవీడీని 34 రూపాయలకి అమ్మింది. అద్దెకి తెచ్చే డబ్బుకి ఇంకొంచెం వేస్తే కొనుక్కోవచ్చు. మొదటిసారి బీదవాడు సినిమాని సొంతం చేసుకోగలిగాడు. పగలగొట్టుకుంటే తప్ప ఎవరూ వచ్చి లాక్కోలేరు.

మా చిన్నాయన అడిగి అడిగి అలిసిపోయిన సినిమా కూడా డిస్కు మీదే మాకు దొరికింది. జబ్బార్ పటేల్ తీసిన 'డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్'. కేంద్రం, మహారాష్ట్ర ప్రభుత్వం డబ్బు పెట్టాయి. బాబాసాహెబ్‌గా వేసిన మమ్ముట్టికి జాతీయ ఉత్తమ నటుడు అవార్డు వచ్చింది. ఆ సినిమా తమిళంలో థియేటర్‌కి వచ్చింది 2010 డిసెంబర్లో. అదీ మద్రాసు హైకోర్టు దాకా వెళ్తే. ప్రజల డబ్బుతో తీసిన సినిమా ప్రజల దగ్గరికి రావడానికి పదేళ్ళకి పైగా, ఒక కోర్టు కేసు. మేం దాన్ని హాస్టల్లో, కంప్యూటర్ ముందు ముప్పైమంది కూర్చుని చూశాం. మూడు గంటలు ఎవరూ లేవలేదు. మా చిన్నాయన అప్పటికి లేడు.

ఇప్పుడు ఓటీటీ. 2016 సెప్టెంబర్లో జియో రాగానే ఫోనే టీవీ అయిపోయింది. దీనివల్ల మనకి మేలు జరగలేదని చెబితే అబద్ధం. 'పలాస 1978' 2020 మార్చిలో థియేటర్లలోకి వచ్చింది. రెండు వారాలకే లాక్‌డౌన్. దాన్ని మనలో ఎక్కువమంది చూసింది ఇంట్లోనే. 2021 నవంబర్లో 'జై భీమ్' నేరుగా ఫోన్లోకొచ్చింది. మన పలకరింపే సినిమా పేరు. మరాఠీ 'ఫాండ్రీ', తమిళ 'పరియేరుం పెరుమాళ్' లాంటివి ఒక పల్లె కుర్రాడు మంచం మీద పడుకుని చూడగలుగుతున్నాడు. కిటికీ లేదు, అరుగు లేదు, దగ్గు లేదు.

కానీ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది మళ్ళీ అద్దె. నెలనెలా కట్టేది దేనికి? చూడటానికి. దాచుకోవడానికి కాదు. కొట్టువాడు తెల్లారి క్యాసెట్టు తీసుకుపోయేవాడు. ఇప్పుడు వాళ్ళు చెప్పకుండా తీసేస్తారు. 2024 జనవరిలో 'అన్నపూరణి' అనే తమిళ సినిమా మీద ఫిర్యాదులొస్తే నెట్‌ఫ్లిక్స్ నుంచి మాయమైంది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన అమ్మాయి మాంసం వండటం ఆ సినిమా కథ. తిండి గురించి మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. సంధ్యా సూరి తీసిన 'సంతోష్' అనే హిందీ సినిమా ఒక దళిత బాలిక హత్య చుట్టూ, పోలీసుల చుట్టూ తిరుగుతుంది. కాన్‌లో చూపించారు, బ్రిటన్ దాన్ని ఆస్కార్‌కి పంపింది. ఇక్కడ సెన్సార్ దగ్గర ఆగిపోయింది. తెర ఎంత తేటగా ఉన్నా, మీట ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న 1987లో ఉన్నట్టే ఉంది.

ఇంకో నష్టం కూడా ఉంది. వీడియో రాత్రి తెల్లారి కాలవగట్టున సినిమా మీద వాదన జరిగేది. ఫలానావాడు ఎందుకట్టా దండం పెట్టాలి అని మా నాయనమ్మ అడిగేది. ఇప్పుడు ఒకే ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లలో నాలుగు చూస్తున్నాం. మాట్లాడుకోవడానికి ఉమ్మడిగా చూసిందేదీ ఉండటం లేదు.

దాచుకోవడం ఎందుకు ముఖ్యమో రెండు జీవితాలు చెబుతాయి. మలయాళంలో మొదటి కథానాయిక పి.కె. రోజీ. పులయ కులంలో పుట్టిన మనిషి. 'విగతకుమారన్' మూకీలో నాయర్ స్త్రీగా వేసింది. దళిత స్త్రీ అగ్రకుల స్త్రీగా తెరమీద కనబడితే ఓర్వలేక ప్రేక్షకులు దాడిచేశారు. ఆమె ఊరొదిలి పోవాల్సివచ్చింది. ఆ సినిమా ప్రింటు ఇవాళ ఎక్కడా లేదు. ఆమె తెరమీద ఎలా నడిచిందో, ఎలా నవ్విందో చూసే అదృష్టం మనకి లేదు.

రెండోది విలాస్ ఘోగ్రే. ముంబై దళిత గాయకుడు. 1997 జులై 11న ఘాట్కోపర్ రమాబాయి నగర్లో అంబేడ్కర్ విగ్రహానికి జరిగిన అవమానం మీద జనం బయటికొస్తే పోలీసులు కాల్చారు, పదిమంది చనిపోయారు. ఆ దుఃఖంలో ఘోగ్రే ఉరేసుకున్నాడు. కానీ అతని గొంతు మిగిలింది. 1985లోనే ఆనంద్ పట్వర్ధన్ 'బొంబాయి అవర్ సిటీ'లో అతను పాడుతుండగా తీసి ఉంచాడు. ఆ గొంతు దగ్గర్నుంచే మళ్ళీ బయల్దేరి, పద్నాలుగేళ్ళు తిరిగి 'జై భీమ్ కామ్రేడ్' తీశాడు. దాన్ని బస్తీల్లో తెరకట్టి చూపించాడు. రోజీ విషయంలో రీలు పోయింది, ఘోగ్రే విషయంలో రీలు మిగిలింది. తేడా అంతే. ఆ తేడా ఎంతో మీరే చూడండి.

ఇక మీ పని.

మన ఇళ్ళల్లో, సంఘం ఆఫీసుల్లో, చర్చి బీరువాల్లో, పాత పెళ్ళి వీడియోగ్రాఫర్ల అటకలమీద ఇంకా క్యాసెట్లు ఉన్నాయి. జయంతి సభలు, పాదయాత్రలు, చుండూరు తర్వాతి మీటింగులు, మన నాయకుల అంత్యక్రియలు. పెళ్ళి వీడియోల్ని కూడా తీసిపారేయకండి. 1990ల్లో మన పల్లె ఇళ్ళు ఎలా ఉండేవో, మన అవ్వలు ఏ చీర కట్టేవాళ్ళో, బ్యాండు వాయించినవాళ్ళెవరో వాటిలోనే ఉంది. ప్రపంచంలో వీసీఆర్ తయారుచేసే చివరి కంపెనీ ఫునాయి 2016 జులైలో తయారీ ఆపేసింది. ఆడించే మిషన్లు తగ్గిపోతున్నాయి. తేమకి టేపుకి బూజు పడుతోంది. మనకున్న టైము కొన్నేళ్ళే.

క్యాసెట్టు దొరికితే ఉత్సాహంతో వెంటనే డెక్కులో పెట్టకండి. కిటికీలోంచి చూస్తే టేపు మీద తెల్లటి పొడలాంటిది కనబడితే అది బూజు. దాన్ని ఆడిస్తే టేపూ పోతుంది, హెడ్డూ పోతుంది. తెలిసినవాళ్ళతో శుభ్రం చేయించాలి. బాగున్నదైతే ముందు వీపున ఉన్న ఆ ప్లాస్టిక్ ముక్క విరిచేయండి. తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఎక్కించింది ఒకచోటే పెట్టకండి, మూడు కాపీలు మూడు ఇళ్ళల్లో ఉంచండి. యూట్యూబ్‌లో పెట్టడం చూపించడానికి మంచిది, దాచడానికి అది చోటు కాదు. అందులో ఉన్నవాళ్ళని, వాళ్ళ పిల్లల్ని అడిగాకే బయట పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఆ ఎర్ర చీరామె ఎవరు, ఆ మైకు పట్టుకున్నదెవరు అని అడిగి రాసుకోండి. పేరులేని బొమ్మ సగం పోయినట్టే.

ఏడాదికి ఒక్క రాత్రయినా, ఏప్రిల్ 14నో డిసెంబర్ 6నో, ఆ బొమ్మని పల్లె మధ్యలో తెర కట్టి వేయండి. మాలపల్లె, మాదిగపల్లె అందరినీ పిలవండి. ఆడవాళ్ళు అడిగింది మొదట వేయండి.

మా మేనల్లుడు ముప్పై రెండంగుళాల హెచ్‌డీ టీవీ తెచ్చాడు. గోడకి ఎంత ఎత్తులో బిగించాలో మా అమ్మని మంచం మీద కూర్చోబెట్టి, కాళ్ళు చాపమని చెప్పి, ఆమె కళ్ళకి సరిగ్గా పెట్టాడు. అంతా అయ్యాక, "అమ్మమ్మా, మొదట ఏం వేయను?" అన్నాడు. ఆమె కాసేపు ఆలోచించి, "మీ జేజమ్మ మాట్లాడింది ఉండాల్రా, అది వెయ్యి" అంది. చెరిగిపోయిన సంగతి ఆమెకి ఎవరం ఎప్పుడూ చెప్పలేదు.

వాడు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

మీ ఇంట్లో అట్లాంటి రోజు రాకూడదు. ఈ వారం ఊరికి పోయినప్పుడు బీరువా మీద చూడండి.

జై భీమ్.

(ఏడో భాగం: మన పాటల క్యాసెట్లు, వాటిని అమ్మిన సైకిళ్ళు)